ఎదురు హెడ్‌లైటు, పది సెకండ్ల చీకటి: షుగర్ కంటి జబ్బు కేసు ఒకటి

ఈ కేసులో వయసు, కుటుంబం, తేదీలు మార్చి రాస్తున్నాను. వృత్తిని మాత్రం మార్చలేదు. అది మారిస్తే కంటి డాక్టరుగా నేను తీసుకున్న నిర్ణయాలకు గానీ, చేసిన పొరపాట్లకు గానీ అర్థం ఉండదు. ఆయన తిరుపతిలో బాడుగ వ్యాను నడుపుతారు. ఈ ఊళ్లో ఆ పని చేసేవాళ్లకు లెక్కే లేదు కనుక, ఆ ఒక్క వివరంతో ఎవరూ ఆయనను పోల్చుకోలేరు.

నేపథ్యం

47 ఏళ్లు. షుగర్ బయటపడి 9 ఏళ్లు. రెండు రకాల మాత్రలు రాసి ఉన్నాయి. గుర్తొచ్చిన రోజు వేసుకుంటారు. ఇందులో ఆయన అశ్రద్ధ ఎంత ఉందో, పని తీరు కూడా అంతే ఉంది. రేణిగుంటలో అర్ధరాత్రి రైలు దిగినవాళ్లను ఎక్కించుకోవడం, తెల్లవారేసరికి కొండ మీదికి చేర్చడం, దర్శనమయ్యాక కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పి మళ్లీ రైలెక్కించడం ఆయన పని. పగలు పడుకుని రాత్రి మేలుకునే మనిషికి ‘టిఫినుకు ముందు ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి’ అని చీటీలో రాసిస్తే ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలి? దారిలో బండి ఆపిన హోటల్లో డ్రైవరుకు భోజనం ఉచితం, అన్నానికి కొదవ ఉండదు. యాత్రికులు ప్రేమగా చేతిలో పెట్టే లడ్డూ ముక్కను వద్దనడం ఆయనకు చేతకాదు. ఆ మాటకొస్తే నాకూ చేతకాదు.

వచ్చిన ఇబ్బంది

ఆయన ఫిబ్రవరిలో వచ్చారు. అప్పటికి ఏడాదిలో రెండుసార్లు కళ్లజోడు మార్చారు. రెండుసార్లూ ‘చూపు బాగానే ఉంది’ అన్నారట. నా దగ్గరా రెండు కళ్లూ 6/6 చదివాయి, అంటే చార్టు మీద పూర్తి చూపు. కింది అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు. మరి ఇబ్బంది ఏమిటని అడిగితే చెప్పిన మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాను: “ఎదురు లారీ లైటు పడి పోయాక, పది లెక్కపెట్టేదాకా తారు కనపడదు సార్. తెల్లగీత కనపడుతుంది. తారు అంచు, పక్కన మట్టి, రెండూ ఒకటిగా కనపడతాయి.”

కొండ మీదికి ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఘాట్‌లో ఎదురు లైట్ల బాధ లేదు. అందుకే చాలాకాలం ఆయనకు తన కళ్ల మీద అనుమానం రాలేదు. కాణిపాకం నుంచి హైవే ఎక్కేలోపు ఉన్న చిన్న రోడ్డు మీద ఒక రాత్రి బండి మట్టిలోకి దిగాక వచ్చింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో 10 సెకండ్లంటే 110 మీటర్ల పైమాటే. అంత దూరం ఆయన తెల్లగీతను నమ్ముకుని నడుపుతున్నారన్నమాట.

మనం గోడకు వేలాడదీసే చార్టు తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు. రోడ్డు మీద తెల్లగీత కనపడిన మనిషి ఆ చార్టును చదవడంలో వింతేమీ లేదు. కనపడనివి నలుపులో నలుపు, మట్టిలో మట్టి. కాబట్టి 6/6 అంకెను పక్కన పెట్టాను. లైటు పడితే చెదిరే చూపుకు మొదటి అనుమానితుడు శుక్లం (కంటిపొర). చూస్తే లెన్సులు తేటగా ఉన్నాయి. కంటి ఒత్తిడి మామూలే. కన్నీటి పొర కాస్త పలచగా ఉంది గానీ పది సెకండ్ల చీకటికి అది చాలదు. పాలు, గుడ్లు బాగానే తినే మనిషి కనుక ఎ విటమిన్ లోపాన్నీ పక్కన పెట్టాను.

కంటికి 10 సెకండ్లు లైటు పట్టి, మళ్లీ చార్టు చదివేదాకా స్టాప్‌వాచ్ పెట్టాను. మామూలుగా నిమిషం లోపే చూపు తిరిగొస్తుంది. ఆయనకు కుడి కంటిలో 85 సెకండ్లు, ఎడమ కంటిలో 80 పట్టింది. అక్షరాలు మూడేసి చొప్పున వెలిసిపోతూ పోయే కాంట్రాస్ట్ చార్టు మీద 1.35 దగ్గర ఆగిపోయారు. ఆ వయసులో 1.65 అయినా రావాలి. కంటి వెనక కాంతిని పట్టే పొర రెటీనా. అందులో అక్కడక్కడా సన్నటి రక్తనాళాల బుడిపెలు, చుక్కలంత రక్తపు మరకలు కనిపించాయి. పుస్తకం ప్రకారం మధ్యస్థ స్థాయి రెటినోపతి, అంటే షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం. రెటీనా పొరల మందం చూపే ఓసీటీ స్కానులో వాపు లేదు, మధ్యలో మందం 258 మైక్రాన్లు. కానీ గాంగ్లియన్ కణాల పొర వయసుకు తగినంత లేదు, పలచబడింది.

షుగర్ కంటి జబ్బు అంటే రక్తనాళాల జబ్బు అనే మేమంతా చదువుకున్నాం. రెటీనా నిజానికి మెదడు కణజాలం. నాళాలు, వాటిని చుట్టుకుని ఉండే ముల్లర్ కణాలు, సంకేతాన్ని మెదడుకు చేరవేసే గాంగ్లియన్ కణాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతుకుతాయి. షుగర్ ఎక్కువగా ఉన్న చోట గ్లుటమేట్ అనే నాడీ రసాయనం పేరుకుని నాడీకణాలు చచ్చిపోవడం, కొందరిలో మనకు మొదటి రక్తపు చుక్క కనపడకముందే మొదలవుతుంది. 2017లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఈ జబ్బును నాళాలూ నాడులూ కలిసి దెబ్బతినే సమస్యగా నిర్వచించింది. ఈయన చెప్పుకున్న పది సెకండ్లు నాడుల వైపు నుంచి వచ్చిన ఫిర్యాదు అనే నమ్మాను. ఆ నమ్మకం సరైనదే. దాని మీద కట్టిన ప్రణాళిక మాత్రం సరైనది కాదు.

మొదట చేసినవి

అప్పటికే ఆయన నెలకు ఒక సీసా చొప్పున ల్యూటిన్ క్యాప్సూల్స్ మింగుతున్నారు. ఆ తరహా విటమిన్లను పెద్ద ఎత్తున పరీక్షించింది వయసుతో మాక్యులాకు (రెటీనా నడిమి భాగానికి) వచ్చే జబ్బులో. షుగర్ జబ్బులో నాడీకణాలను అవి కాపాడతాయనడానికి అలాంటి ఆధారం లేదు. మానిపించాను. ఆ డబ్బుతో గ్లూకోమీటరు స్ట్రిప్పులు కొనుక్కోమన్నాను.

తర్వాత ఆయన ఫోను తీసి ఒక వీడియో చూపించారు: రెటీనా నరాలను కాపాడే చుక్కల మందు. ఆ మాట గాలిలోంచి పుట్టింది కాదు. యూరప్‌లో యూరోకాండర్ అనే పరిశోధనలో టైప్ 2 షుగర్ ఉన్న 450 మందికి బ్రిమోనిడిన్, సొమాటోస్టాటిన్, ఉత్తి చుక్కలు, ఈ మూడింటిలో ఒకటి రెండేళ్లు వేసి చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద మందు చుక్కలకూ ఉత్తి చుక్కలకూ తేడా తేలలేదు. అయితే మొదటి నుంచే రెటీనా నాడుల పనితీరు తగ్గి ఉన్నవాళ్లలో మాత్రం ఆ తగ్గుదల ఆగినట్టు కనిపించింది. నా ముందు కూర్చున్న మనిషి సరిగ్గా ఆ గుంపువాడే. బ్రిమోనిడిన్ గ్లాకోమాకు, అంటే కంటి ఒత్తిడి జబ్బుకు, నేను రోజూ రాసే మందే. రాద్దామని కలం తీశాను కూడా.

రాయలేదు. ఒక పరిశోధనలో చిన్న గుంపులో కనిపించిన మేలు ఇంకో పరిశోధనకు ప్రశ్న అవుతుంది గానీ చీటీ మీద మందు కాదు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. బ్రిమోనిడిన్ కొందరికి మగత తెస్తుంది. రాత్రి బండి నడిపేవాడి కణాలను కాపాడబోయి మనిషిని ప్రమాదంలో పెట్టే మందు అది.

ఇలాంటి అందమైన ఆలోచన ఇంకొకటి గుర్తొస్తోంది. చీకట్లో రెటీనాలోని రాడ్ కణాలు వెలుతురులో కంటే ఎక్కువ ఆక్సిజన్ తాగుతాయి. అలాంటప్పుడు నిద్రలో కళ్ల మీద సన్నని వెలుగునిచ్చే ముసుగు పెడితే ఆ దాహం తగ్గదా? కాగితం మీద లోపం లేని తర్కం. రెండేళ్లు పరీక్షిస్తే ఉపయోగం లేదని 2018లో తేలింది. రెటీనా విషయంలో తర్కానికి ముచ్చటపడటం నేను అప్పటి నుంచి తగ్గించుకున్నాను.

హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 11.4, బీపీ 156/94. కణాలను కాపాడే మందు ఏదైనా ఉంటే అది ఈ రెండు అంకెలను దించడమే అనుకుని ఫిజీషియన్ దగ్గరికి పంపాను. ఇన్సులిన్ మొదలుపెట్టారు. రాత్రి బండి వద్దన్నాను. ఆయన తల ఊపారు. ఊపినంత మాత్రాన మానేస్తారని నేనూ అనుకోలేదు. మళ్లీ ఎప్పుడు రావాలని అడిగితే, మధ్యస్థ స్థాయి కదా అని చీటీ మీద ‘6 నెలలు’ అని రాశాను.

ఎక్కడ చెడింది

జులైలో, అనుకున్నదానికంటే నెల ముందే వచ్చారు. భార్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఇన్సులిన్ తప్పలేదు, మాత్ర తప్పలేదు, లడ్డూ మానేశారు. హెచ్‌బీఏ1సీ మూడు నెలల్లోనే 11.4 నుంచి 7.1కి దిగింది. ఆ కాగితాన్ని ఆమె పరీక్ష పాసైన పిల్లవాడి మార్కుల చీటీలా బల్ల మీద పెట్టింది.

కుడి కన్ను 6/18. మాక్యులాలో నీరు చేరి మందం 412 మైక్రాన్లు అయింది. రెండు కళ్లలోనూ దూది పింజల్లాంటి తెల్లమచ్చలు, ముడులు ముడులుగా సిరలు. ఎడమ కంటిలో చూపు 6/9 ఉంది గానీ, తేలిగ్గా పగిలే కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చాయి. అయిదు నెలల్లో మధ్యస్థ స్థాయి నుంచి చివరి మెట్టుకు.

“మందులు మానేసిన తొమ్మిదేళ్లు బాగున్న కళ్లు, మందులు సరిగ్గా వాడితే పోయాయా సార్?” అని ఆయన అడిగారు.

ఈ ప్రశ్నకు నిజం చెప్పకుండా తప్పించుకుంటే ఆయన ఇన్సులిన్ మానేస్తారు. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ వేగంగా దిగినప్పుడు, రెటినోపతి అప్పటికే ఉన్న కళ్లు మొదటి ఏడాదిలో చెడవచ్చు. టైప్ 1 షుగర్ మీద అమెరికా, కెనడాల్లో జరిగి 1993లో వెలువడిన డీసీసీటీ పరిశోధనలో, షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవాళ్లలో 13.1 శాతం మందికి ఇలా జరిగింది. మామూలు చికిత్సలో ఉన్నవాళ్లలో 7.6 శాతం. కానీ అదే పరిశోధనలో, గట్టి అదుపు వల్ల రెటినోపతి కొత్తగా రావడం 76 శాతం, ఉన్నది ముదరడం 54 శాతం తగ్గాయి. మొదట్లో చెడిన కళ్లు కూడా ఏళ్లు గడిచాక, మామూలు చికిత్సలో ఉన్నవాళ్ల కళ్లకు తీసిపోలేదు.

అంకెలు ఆయనకు పట్టలేదు. “నిండు బండిని న్యూట్రల్‌లో కొండ దించుతారా?” అని అడిగాను. “బ్రేకులు కాలిపోతాయి సార్. గేరులో దించాలి.” “మనం షుగర్‌ను న్యూట్రల్‌లో దించాం. దించడం తప్పు కాదు. పక్కన కూర్చుని బ్రేకు చూడాల్సింది నేను. చూడలేదు.” ఆయన భార్య నా వైపు కాసేపు చూసింది. కోపమో, ఊరటో నాకు తెలియలేదు. ఇన్సులిన్ మాత్రం మానలేదు.

తప్పు ఫిజీషియన్‌ది కాదు. దించమని పంపింది నేను. రెటినోపతి ఉందని రాశాను గానీ, మెల్లగా దించమనీ, దించే నెలల్లో కంటిని మధ్యమధ్య నాకు చూపించమనీ రాయలేదు. రెటీనా అప్పుడు ఏ మెట్టు మీద ఉందో చూసి గడువు రాశాను. రాబోయే మూడు నెలల్లో ఆ మెట్టు కింద ఏం కదలబోతోందో లెక్క వేయలేదు.

రెండో పొరపాటు

కుడి కంటికి ఇంజెక్షన్లు తప్పవు. నాళాల నుంచి నీరు కారడాన్నీ, కొత్త నాళాలు పెరగడాన్నీ ఆపడానికి కంటి లోపలికి ఇచ్చే మందులివి. 6/18 అంత తగ్గిన చూపుకు మొదటి ఏడాది అఫ్లిబెర్సెప్ట్ మెరుగని 2015లో తేలింది. అయితే చవకైన బెవాసిజుమాబ్‌తో మొదలుపెట్టి, సరిపోనివాళ్లకు మందు మార్చితే రెండేళ్లకు చూపులో తేడా ఉండదని 2022లో ఇంకో పరిశోధన చూపింది. ఆయన జేబును బట్టి రెండో దారి పట్టాను. అందులో పశ్చాత్తాపం లేదు.

ఎడమ కంటి కొత్త నాళాలకు రెండు దారులున్నాయి. ఒకటి, రెటీనా అంచులంతా లేజర్. రెండు, నెలనెలా ఇంజెక్షన్. లేజర్ కాల్చేది అంచుల్లోని ఆరోగ్యంగా ఉన్న కణాలనే. చీకట్లో చూపునిచ్చే రాడ్లు ఎక్కువగా ఉండేదీ అక్కడే. కణాలను కాపాడదామని మొదలుపెట్టిన కేసులో, రాత్రి చూపే బతుకుదెరువైన మనిషికి, ఆ కణాలనే కాల్చడానికి చెయ్యి రాలేదు. ఇంజెక్షన్లు కూడా లేజర్‌కు తీసిపోవని 2015లోనే తేలింది కదా అని రెండు కళ్లకూ ఇంజెక్షన్లే మొదలుపెట్టాను. జులైలో ఒకటి, ఆగస్టులో ఒకటి.

సెప్టెంబరులో రాలేదు. బ్రహ్మోత్సవాలు. ఏడాదంతా తీర్చలేని బండి అప్పు ఆ పది రోజుల బాడుగలతో ఒక కొలిక్కి వస్తుంది. ఆ వెనకే దసరా సెలవులు. పదకొండు వారాలు గడిచాయి. నవంబరులో వచ్చేసరికి ఎడమ కంటి ముందు ‘సాలెగూడు, తర్వాత ఎర్రటి పొగ’. కంటి లోపల రక్తస్రావం. చూపు వేళ్లు లెక్కపెట్టేంత. అల్ట్రాసౌండులో రెటీనా ఊడలేదని తెలిశాక నాకు ఊపిరి ఆడింది.

ఇంజెక్షన్ మధ్యలో ఆపేసి కనపడకుండా పోయినవాళ్ల కళ్లు, లేజర్ చేయించుకుని కనపడకుండా పోయినవాళ్ల కళ్ల కంటే ఎక్కువగా చెడతాయని 2019 నుంచి మాకు తెలుసు. ఇంజెక్షన్ ప్రభావం వారాలే. లేజర్ చేసిన పని మనిషి రాకపోయినా ఉంటుంది. పరిశోధనల్లో ఇంజెక్షన్లు గెలిచింది నెలనెలా వచ్చిన రోగుల్లో. నేను ఆ రోగులను మనసులో పెట్టుకుని, నా ముందున్న డ్రైవరుకు వైద్యం చేశాను. ఆయన క్యాలెండరు ఎలా నడుస్తుందో తిరుపతిలో ఉంటున్న నాకు తెలియదా? తెలుసు. అడగలేదు, అంతే.

నిలబడినవి

రక్తం కిందికి దిగడానికి రెండు దిండ్లు పెట్టుకుని, తల ఎత్తుగా పడుకోమన్నాను. మూడు వారాలకు పైభాగం తేటపడింది. కనపడినంత మేర లేజర్ మొదలుపెట్టి, పొగ దిగేకొద్దీ కిందికి వచ్చాను. మూడు విడతల్లో ఎడమ కంటికి దాదాపు 2,000 లేజర్ చుక్కలు.

మొదటి విడతకు ముందు ఆయన అడిగారు: “మంచి నరాలను కాలిస్తే చెడ్డ నరాలు ఎట్లా ఆగుతాయి?” చిత్తూరు వైపు మామిడి తోటలున్నవాళ్లు ఆయన బంధువుల్లో ఉన్నారు. బోరు ఎండిన ఏడాది ట్యాంకరు నీళ్లతో తోటంతా తడపలేని రైతు ఏం చేస్తాడు? చివరి వరుసలను వదులుకుని, కాపు మీదున్న చెట్లకు నీళ్లు పోస్తాడు. రెటీనాలో ఆక్సిజన్‌ను అందరికంటే ఎక్కువగా తాగేవి కాంతిని పట్టే కణాలు. అంచుల్లో వాటిని కొంత తగ్గిస్తే, కింద ఉన్న కోరాయిడ్ పొర నుంచి ఆక్సిజన్ లోపలి పొరలకు అందుతుంది. దాహం తగ్గితే కొత్త నాళాలను పుట్టించే వీఈజీఎఫ్ కూడా తగ్గుతుంది. “చివరి వరుసలు రాత్రి చూపుకే కదా సార్?” అన్నారు. అవునన్నాను. ఆ రోజే రాత్రి బండి గురించి అసలైన మాట జరిగింది. ఫిబ్రవరిలో నేను చెప్పింది సలహా, ఆయన ఊపింది తల.

ఓనరుతో మాట్లాడి పగటి ట్రిప్పులకు మారారు. బాడుగ తగ్గింది. ఎంత తగ్గిందో చెప్పారు గానీ ఇక్కడ రాయను.

కుడి కంటికి మాక్యులా వాపు ఉండగా ముందే లేజర్ చేస్తే వాపు పెరగవచ్చు. అందుకని అక్కడ ఇంజెక్షన్లు ఇచ్చి నీరు తగ్గాకే, రెండు విడతల్లో అంచులకు లేజర్ చేశాను. కొత్త నాళాలు ఆ కంటిలో ఇంకా లేవు. కానీ ఎడమ కన్ను ఏ దారిన పోయిందో చూశాక, చికిత్సకు రావడం ఖాయం కాని మనిషి విషయంలో ఎదురుచూడటం నాకు సమ్మతం కాలేదు. ఇంజెక్షన్ తేదీలను నాలుగు వారాల లెక్కన కాకుండా ఆయన క్యాలెండరు ముందు పెట్టుకుని రాశాం: వైకుంఠ ఏకాదశి రద్దీకి ముందు ఒకటి, సంక్రాంతి దాటాక ఒకటి, అలా. తేదీలు రాసింది ఆయన భార్య. ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు.

మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందని తెలిశాక, ఫిజీషియన్ బీపీ మందు మార్చారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసుకుని ఫెనోఫైబ్రేట్ కూడా మొదలుపెట్టాం. కొవ్వు మాత్రగా పేరున్న ఈ మందు రెటినోపతి ముదరడాన్ని తగ్గిస్తుందని ముందు రెండు పెద్ద పరిశోధనల్లో సూచనలు ఉన్నాయి. 2024లో స్కాట్లండ్‌లో 1,151 మంది మీద జరిగిన లెన్స్ పరిశోధనలో, తొలి దశ జబ్బు ముదరడమో చికిత్స అవసరం కావడమో 27 శాతం తగ్గింది. ఈయన జబ్బు ఆ దశ దాటిపోయింది. మేలు జరిగితే ఎంత జరిగిందో ఒక్క మనిషిని చూసి చెప్పలేను. మొదటి రోజు, చుక్కల మందు గురించి అంతసేపు మాట్లాడుకున్న రోజు, ఈ మాత్ర సంగతి నాకు తట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నా దగ్గర మారినవి

ఫిజీషియన్‌కు రాసే ఉత్తరంలో, హెచ్‌బీఏ1సీ 10 దాటి రెటినోపతి కూడా ఉంటే, ఒక వాక్యం అదనంగా రాస్తున్నాను: ‘మెల్లగా దించండి. దించే కాలంలో ప్రతి 6 నుంచి 8 వారాలకు కన్ను నేను చూస్తాను.’ లేజరా, ఇంజెక్షనా అని తేల్చుకోకముందు ‘మీకు ఊపిరాడని నెలలు ఏవి?’ అని అడుగుతున్నాను. మామిడి రైతుకు అది జూన్. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి వరుసలో నిలబడే నెల. పూలు కట్టేవాళ్లకు ధనుర్మాసం. కాంట్రాస్ట్ చార్టును గోడకు తగిలించాను. డ్రైవరు 6/6 చదివినా దాని ముందు నిలబడాల్సిందే.

చివరిసారి ఏప్రిల్‌లో వచ్చారు. హెచ్‌బీఏ1సీ 7.3, బీపీ 130/80. కుడి కన్ను 6/9, మందం 286 మైక్రాన్లు. ఎడమ కన్ను 6/12, కొత్త నాళాలు వడలిపోయాయి, రెండు మూడు నల్ల పోగులు మాత్రం కంటి ముందు తేలుతున్నాయి. కాంట్రాస్ట్ చార్టు ముందు నిలబెట్టాను. కుడి కన్ను పద్నాలుగు నెలల కిందట ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. ఎడమ కన్ను ఒక వరుస ముందే ఆగింది. ఆయన కాసేపు ముందుకు వంగి, తల పక్కకు తిప్పి, ఆ బూడిదరంగు అక్షరాల కోసం వెతికారు.

“ఇక్కడ అక్షరాలు ఉన్నాయా సార్, ఉత్త కాగితమా?”

“ఉన్నాయి.”

“పోయినసారీ ఇదే అడిగాను కదా” అని నవ్వి కుర్చీలో కూర్చున్నారు. ఆయన భార్య సంచిలోంచి క్యాలెండరు తీసింది. గంగజాతర చాటింపు ఎప్పుడో చూసి, దానికి నాలుగు రోజుల ముందు తేదీకి సున్నా చుట్టింది.